మహిళల పారా 1500 మీటర్లు: ఎవరికి పోటీ ఉంది, ఎవరికి లేదు?

## క్లుప్తంగా

పారాలింపిక్స్‌లో మహిళల 1500 మీటర్లకు ఒక్కరే విజేత ఉండరు. 2024 పారిస్ క్రీడల్లో నలుగురు బంగారు పతకాలు గెలిచారు. ఒకే దూరానికి ఇన్ని పతకాలు ఎందుకో తెలియాలంటే క్లాసిఫికేషన్‌ను, అంటే లోపాన్ని బట్టి క్రీడాకారులను క్లాసులుగా విడదీసే పద్ధతిని, అర్థం చేసుకోవాలి. అదే పారిస్‌లో 1500లో పురుషులకు ఆరు బంగారు పతకాలు ఉంటే మహిళలకు నాలుగే ఎందుకు? దీనికి జవాబు పోటీల జాబితా తయారయ్యే తీరులో ఉంది. మొదటి ప్రశ్న తరచూ చర్చకు వస్తుంది. కానీ ఎక్కువ మంది క్రీడాకారిణుల దారిని మలుపు తిప్పేది రెండోదే.

## టీ పక్కన ఉండే అంకె

క్లాసుల పేర్లు టీ11, టీ54 లాగా ఉంటాయి. టీ అనే అక్షరం ట్రాక్ పోటీలకు గుర్తు. దాని పక్కనున్న రెండంకెల్లో మొదటిది లోపం ఏ రకానిదో చెబుతుంది, రెండోది దాని తీవ్రతను చెబుతుంది. 11 నుంచి 13 వరకు దృష్టి లోపం. 20 అంటే మేధో వైకల్యం. 32 నుంచి 38 వరకు సెరిబ్రల్ పాల్సీ వంటి కారణాల వల్ల కండరాల మీద అదుపు తగ్గినవారు. వీరిలో 34 వరకు వీల్‌చైర్‌లో, 35 నుంచి కాళ్ల మీద పోటీ పడతారు. 45 నుంచి 47 వరకు చేతుల లోపం, 51 నుంచి 54 వరకు వీల్‌చైర్ రేసర్లు, 61 నుంచి 64 వరకు కృత్రిమ కాలితో పరిగెత్తేవారు. ఒక గుంపులో అంకె తగ్గేకొద్దీ సాధారణంగా లోపం తీవ్రత ఎక్కువ.

క్లాస్ ఇచ్చే పని ఒక్క సర్టిఫికెట్‌తో అయిపోదు. వైద్య పత్రాలు చూస్తారు, శరీరాన్ని పరీక్షిస్తారు, పరుగుకు సంబంధించిన కదలికలు చేయించి చూస్తారు, అవసరమైతే నిజమైన పోటీలోనూ గమనిస్తారు. వైకల్యం ఉందా లేదా అన్నది మొదటి మెట్టు మాత్రమే. ఆ వైకల్యం ఈ పోటీలో ఎంత అడ్డుపడుతుందన్నదే అసలు ప్రశ్న. ఒకే రోగం పేరున్న ఇద్దరు వేర్వేరు క్లాసుల్లో ఉండటం, వేర్వేరు కారణాలున్న ఇద్దరు ఒకే క్లాసులో ఉండటం ఇందువల్లే.

## ఇద్దరు కలిసి పరిగెత్తే 1500

టీ11 క్లాసులో చూపు లేనివారు, దాదాపు లేనివారు ఉంటారు. మిగిలిన కాస్త చూపులో తేడాలు ఎవరికీ లాభం కాకూడదని అందరూ కళ్లకు గంతలు కట్టుకోవాలి. పక్కనే గైడ్ పరిగెత్తుతాడు. ఇద్దరి చేతులనూ ఒక పొట్టి తాడు కలుపుతుంది. గైడ్ ఆమెను లాగకూడదు, తోయకూడదు, ఆమె కన్నా ముందు ముగింపు గీత దాటకూడదు.

నియమాలు వినడానికి తేలికే. ట్రాక్ మీద వాటి బరువు తెలుస్తుంది. 1500 మీటర్లంటే మూడు ముప్పావు ల్యాప్‌లు, దారిలో ఏడు వంపులు. వంపులో ఒక మీటరు బయటికి జరిగి పరిగెత్తితే ఒక్కో వంపుకు సుమారు 3.14 మీటర్లు అదనంగా పడతాయి. ఏడు వంపులూ అలాగే తిరిగితే దాదాపు 22 మీటర్లు. అగ్రశ్రేణి టీ11 వేగంతో లెక్కిస్తే అది నాలుగు సెకన్లు. ఒంటరి రన్నర్ ముందున్న ఇద్దరి మధ్య సందు చూసుకుని దూరిపోగలదు. జంటకు ఆ అవకాశం తక్కువ. ముందున్న జంటను దాటాలంటే ఇద్దరు పట్టేంత జాగా కావాలి, కాబట్టి మరింత బయటికి వెళ్లాలి. ఎక్కడ ఓపిక పట్టాలి, ఎక్కడ ఆ అదనపు మీటర్లు ఖర్చు పెట్టినా ఫరవాలేదు అన్న నిర్ణయం ఎక్కువగా గైడ్ చూపు మీద, అతని నోటి మాట మీద ఆధారపడుతుంది. ఆమె మాత్రం తన ఊపిరిని, కాళ్లలో మిగిలిన సత్తువను బట్టి ఆ మాటను పాటించాలో వద్దో తేల్చుకుంటుంది. ఇదంతా గంటకు 20 కిలోమీటర్ల వేగంలో, చేతుల ఊపు ఒకే లయలో ఉండగా జరగాలి.

అందుకే గైడ్ దొరకడం ఒక పెద్ద సమస్య. 100 మీటర్లలో పది పదిహేను సెకన్ల పాటు వేగం సరిపోతే చాలు. 1500లో గైడ్ నాలుగున్నర నిమిషాల పాటు ఆమె వేగంతో పరిగెత్తుతూ, మాట్లాడుతూ, చివరి ల్యాప్‌లో ఆమె వేగం పెంచితే తానూ పెంచగలిగేంత మిగులు ఉంచుకోవాలి. 5000 మీటర్లలో, మారథాన్‌లో మధ్యలో గైడ్‌ను మార్చుకునే వీలుంది. 1500లో మొదలుపెట్టిన గైడే ముగించాలి. ఆమె మెరుగుపడేకొద్దీ పాత గైడ్ చాలడు. ఒక దశ దాటాక మంచి స్థాయి పురుష రన్నరే కావాలి, అతను తన సొంత కెరీర్‌ను పక్కన పెట్టాలి. 2012 లండన్‌లో ఇటలీ గాయని అన్నలీసా మినెట్టి 1500లో కంచు గెలిచినప్పుడు ఆమె పక్కన పరిగెత్తింది ఆండ్రియా జొకోండి. అంతకు ముందు ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరిగెత్తిన మనిషి.

తాడు నియమం ఎంత కఠినమో పారిస్ చివరి రోజున లోకమంతా చూసింది. అది మారథాన్. టీ12 విభాగంలో స్పెయిన్‌కు చెందిన ఎలెనా కొంగోస్ట్ మూడో స్థానంలో వస్తోంది. వెనకున్న రన్నర్‌కు, ఆమెకు మధ్య మూడు నిమిషాలకు పైగా తేడా. ముగింపు గీత కొద్ది అడుగుల దూరంలో ఉండగా కండరాలు పట్టేసి గైడ్ మియా కరోల్ తూలిపోయాడు. అతను పడిపోకుండా పట్టుకోబోయి ఆమె క్షణం పాటు తాడు వదిలింది. అందుకు ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు, కంచు స్థానం జపాన్ రన్నర్ మిసాతో మిచిషితకు వెళ్లింది. తాడు వదిలితే గైడ్ లేకుండా లాభపడే వీలుంటుందన్నది ఆ నియమం వెనకున్న ఆలోచన. ఇక్కడ లాభం పొందినవారెవరూ లేరు. నియమంలో ఉద్దేశాన్ని చూసే వెసులుబాటు ఉండాలన్న వాదన అప్పటి నుంచి బలపడింది, అందులో న్యాయం ఉంది.

## పేస్ తెలియడమే సగం పరుగు

టీ20 రన్నర్లను చూస్తే కళ్లకు ఏ లోపమూ కనపడదు. దీంతో వీరికి వేరే పోటీ ఎందుకన్న సందేహం వస్తుంది. జవాబు మధ్య దూరపు పరుగు స్వభావంలోనే ఉంది. 1500 మీటర్లలో మొదటి 300 మీటర్లు ఉత్సాహంగా పరిగెత్తేస్తే చివరి ల్యాప్‌లో కాళ్లు కదలవు. మరీ దాచుకుంటే ముందున్నవారిని అందుకోలేరు. ఎంత ఖర్చు పెట్టాను, ఎంత మిగిలింది, పక్కవాళ్లు ఏం చేయబోతున్నారు అన్న లెక్క ప్రతి కొన్ని సెకన్లకూ మారుతుంది. ఆ లెక్క వేసే సామర్థ్యం మీదే మేధో వైకల్యం దెబ్బ పడుతుంది. టీ20లోకి రావాలంటే ఐక్యూ 75 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, రోజువారీ పనుల్లో ఇబ్బందులు ఉండాలి, అవి ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. ఆపైన ఆ పోటీకి సంబంధించిన పరీక్షలు కూడా ఉంటాయి.

ఈ జాగ్రత్త వెనక ఒక చేదు అనుభవం ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టులో చాలామందికి అసలు మేధో వైకల్యమే లేదని తేలింది. దాంతో ఆ విభాగం మొత్తాన్ని పారాలింపిక్స్ నుంచి తప్పించారు. తప్పు కొందరిదైతే శిక్ష అందరికీ పడింది. పన్నెండేళ్ల తర్వాత లండన్‌లో మళ్లీ తలుపు తెరిచినప్పుడు అథ్లెటిక్స్‌లో దక్కిన మూడు అంశాల్లో 1500 మీటర్లు ఒకటి. పోలండ్‌కు చెందిన బార్బరా బీగనోవ్‌స్కా-జాయోంట్స్ అప్పటి నుంచి లండన్, రియో, టోక్యో, పారిస్ నాలుగింటిలోనూ ఈ బంగారాన్ని వదల్లేదు. భారత అథ్లెట్ దీప్తి జీవాంజి పారిస్‌లో కంచు గెలిచింది ఇదే టీ20 క్లాసులో, 400 మీటర్లలో.

## చక్రాల మీద లెక్క వేరు

వీల్‌చైర్ రేసింగ్‌ను మామూలు పరుగుతో పోలిస్తే ఏమీ అర్థం కాదు. రేసింగ్ చైర్‌కు వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు దూరంగా ఒక చిన్న చక్రం ఉంటాయి. పెద్ద చక్రం 70 సెంటీమీటర్లు, చిన్నది 50 సెంటీమీటర్లు మించకూడదు. గేర్లు, లివర్లు నిషిద్ధం. గట్టి గ్లవుజులు వేసుకున్న చేతులతో చక్రానికి బిగించిన గుండ్రటి రిమ్‌ను కొట్టి తిప్పడమే చోదకశక్తి. వంపు రాగానే ముందు చక్రాన్ని ముందే సరిచేసి పెట్టిన కోణానికి తిప్పే చిన్న పరికరం మీద చేత్తో ఒక దెబ్బ, వంపు దాటగానే ఇంకో దెబ్బ. ఆ రెండు దెబ్బల్లో ఒకటి ఆలస్యమైనా చైర్ పక్క లేన్‌లోకి వెళ్లిపోతుంది. ముగింపులో చూసేది ఛాతీని కాదు, ముందు చక్రం ఇరుసును.

టీ54 అగ్రశ్రేణి మహిళలు 1500 మీటర్లను 3 నిమిషాల 20 సెకన్ల లోపే పూర్తి చేస్తారు. అంటే గంటకు 27 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంలో గాలి నిరోధమే అతి పెద్ద శత్రువు. ముందున్న చైర్ వెనక దాక్కున్నవారికి శ్రమ బాగా తగ్గుతుంది. సైకిల్ రేసుల్లో లాగే ఎవరూ ముందుండటానికి ఇష్టపడని ల్యాప్‌లు, హఠాత్తుగా దూసుకుపోయే క్షణాలు ఇందుకే వస్తాయి. గుంపుగా వెళ్లే చైర్లు ఒకదానికొకటి తగిలితే పెద్ద ప్రమాదం. 2008 బీజింగ్‌లో మహిళల 5000 మీటర్ల ఫైనల్లో అలా చైర్లు పడిపోతే రేసును మళ్లీ నిర్వహించాల్సి వచ్చింది. 800 మీటర్లు, ఆ పైన దూరాలకు హెల్మెట్ తప్పనిసరి.

## రెండు క్లాసులను కలిపితే

1500 మీటర్ల టీ54లో టీ53 వాళ్లు కూడా పోటీ పడతారు. టీ53 అంటే పొట్ట, నడుము కండరాల మీద అదుపు లేనివారు. టీ54 వారికి అది కొంతో పూర్తిగానో ఉంటుంది. బయలుదేరేటప్పుడు నడుమును ముందుకు విసిరి చక్రం మీద బరువు వేయగలగడం పెద్ద లాభం. అందుకే తక్కువ దూరాల్లో వీరిని విడదీస్తారు. దూరం పెరిగితే ఆ మొదటి కొన్ని సెకన్ల లాభం పలుచబడుతుందన్న లెక్కతో 1500లో కలుపుతారు.

ఈ లెక్క సరైనదేనా? స్విట్జర్లాండ్ రేసర్ కేథరిన్ డెబ్రూనర్ టీ53. పారిస్‌లో ఆమె తన క్లాసులో 400, 800 గెలిచి, టీ54 వాళ్లతో కలిసి 1500, 5000, మారథాన్ కూడా గెలిచింది. దీన్ని చూపించి కలపడంలో అన్యాయమేమీ లేదనడం తేలిక. కానీ ఒక అసాధారణ రేసర్ గెలుపు మిగతా టీ53 మహిళలందరి పరిస్థితినీ చెప్పదు. గుంపు మధ్యలో ఎవరైనా వేగం పెంచినప్పుడు నడుము బలం లేనివారు వెనకబడతారు, వెనకబడ్డాక గాలిచాటు పోతుంది, ఆపైన ఒంటరిగా అందుకోవడం చాలా కష్టం. కలిపిన పోటీలో పాయింట్ల సర్దుబాటు ఏదీ ఉండదు. గీత ముందు దాటినవారే విజేత.

దృష్టి లోపం వైపు కూడా ఇదే పద్ధతి. 1500 మీటర్ల టీ13లో టీ12 రన్నర్లకూ అవకాశం ఉంటుంది. అసలు లండన్‌లో పరిస్థితి ఇంకా ఇరుకు. చూపు లేని మహిళలకు విడిగా 1500 లేనేలేదు. మినెట్టి టీ11 రన్నర్ అయినా, కాస్తో కూస్తో చూపున్న టీ12 వాళ్లతో కలిసి పరిగెత్తి మూడో స్థానంలో వచ్చింది. ఆ రేసులో రెండో స్థానం, యాదృచ్ఛికంగా, ఎలెనా కొంగోస్ట్‌దే.

మినెట్టి ఆ రోజు నమోదు చేసిన 4 నిమిషాల 48 సెకన్లు టీ11లో ప్రపంచ రికార్డు. రియోలో టీ11 మహిళలకు సొంత 1500 వచ్చింది. చైనా రన్నర్ జెంగ్ జిన్ 4:38తో గెలిచింది. టోక్యోలో మెక్సికోకు చెందిన మోనికా రోడ్రిగ్స్ 4:37. పారిస్‌లో ఇథియోపియా అమ్మాయి యాయేష్ గాతే తెస్ఫావ్ 4:27. పన్నెండేళ్లలో 21 సెకన్లు తగ్గాయి. మెరుగైన శిక్షణ, కొత్త షూస్, గైడ్ల స్థాయి అన్నిటికీ ఇందులో వాటా ఉంది. అయినా ఒక సంగతి స్పష్టం. తమకంటూ ఒక రేసు ఉందని తెలిశాకే దేశాలు ఈ క్లాసులో 1500 రన్నర్లను వెతకడం, వాళ్లకు గైడ్లను జతచేయడం మొదలుపెట్టాయి. ముందు పోటీ వచ్చింది, దాని వెనక పోటీదారులు వచ్చారు.

## జాబితాలో చోటు లేనివారు

పారిస్‌లో పురుషుల 1500 ఆరు క్లాసుల్లో జరిగింది: టీ11, టీ13, టీ20, టీ38, టీ46, టీ54. మహిళలది నాలుగింట్లోనే. టీ38, టీ46 లేవు. 5000 మీటర్లలో తేడా ఇంకా ఎక్కువ. పురుషులకు మూడు క్లాసులు, మహిళలకు టీ54 ఒక్కటే.

దీనికి అర్థమేమిటో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడొచ్చు. మోచేతి కింద చెయ్యి లేని పదహారేళ్ల అమ్మాయి, మంచి ఊపిరి, సహజంగా 1500 రన్నర్. అబ్బాయి అయి ఉంటే టీ46లో పారాలింపిక్స్ దాకా దారి కనపడుతుంది. అమ్మాయి కాబట్టి ఆమె ముందున్న అతి పెద్ద దూరం 400 మీటర్లు. కోచ్ ఏం చేస్తాడు? ఆమెను స్ప్రింటర్‌గా మార్చాలని చూస్తాడు, లేదా వేరే క్రీడకు పంపిస్తాడు. 400కూ 1500కూ కావాల్సిన శరీరాలు వేరు. 400 ఎక్కువగా కండ బలం, ఆక్సిజన్ చాలని స్థితిని తట్టుకునే శక్తి మీద నడుస్తుంది. 1500లో ఆక్సిజన్‌ను నిలకడగా వాడుకునే శక్తిదే పెద్ద వాటా. సహజంగా ఒకదానికి తగిన శరీరాన్ని రెండోదానికి మలిస్తే చాలాసార్లు రెండూ దక్కవు.

ఒక అంశాన్ని జాబితాలో ఉంచాలా వద్దా అని అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ తేల్చేటప్పుడు ఎంతమంది అథ్లెట్లు, ఎన్ని దేశాల నుంచి ఆ దూరం పరిగెత్తుతున్నారో చూస్తారు. ముగ్గురు నలుగురితో ఫైనల్ నడిపితే పతకానికి విలువ ఉండదన్న భయం సహేతుకమే. చిక్కేమిటంటే రేసు లేదు కాబట్టి రన్నర్లు తయారుకారు, రన్నర్లు లేరు కాబట్టి రేసు పెట్టరు. దేశాల సమాఖ్యలు పతకం ఉన్న చోటే డబ్బు పెడతాయి. ఏ క్లాసులోనైనా అమ్మాయిల సంఖ్య తక్కువగా ఉంటే ముందుగా దెబ్బ తినేది ఎక్కువ ఏళ్ల శిక్షణ అడిగే మధ్య దూరపు పరుగులే.

## ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది

మహిళలు ఎక్కువ దూరం పరిగెత్తలేరన్న నమ్మకం పారా క్రీడల కన్నా పాతది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళల 800 తర్వాత రన్నర్లు కుప్పకూలారని పత్రికలు చిలవలు పలవలుగా రాశాయి. ఆ దూరాన్ని 1960 దాకా మళ్లీ ఒలింపిక్స్‌లోకి రానివ్వలేదు. మహిళల 1500 వచ్చింది 1972లో.

1984 నుంచి 2004 దాకా ఒలింపిక్స్‌లో వీల్‌చైర్ రేసులను ప్రదర్శన పోటీలుగా నడిపినప్పుడు కూడా పురుషులకు 1500, మహిళలకు 800 ఇచ్చారు. ఆ 800 చిన్నదైనా పెద్ద మార్పే తెచ్చింది. 1984లో అమెరికా రేసర్ షారన్ హెడ్రిక్ గెలిచిన టైమ్ 2 నిమిషాల 15 సెకన్లు. 2004లో కెనడాకు చెందిన షాంటాల్ పెటిక్లెర్ 1 నిమిషం 53 సెకన్లలో గెలిచింది. మధ్యలో 1996, 2000 రెండూ ఆస్ట్రేలియా రేసర్ లూయిస్ సావేజ్‌వి.

## టైములు పోల్చేటప్పుడు

2016 రియోలో పురుషుల టీ13 1500 మీటర్లలో మొదటి నలుగురూ అదే ఏడాది ఒలింపిక్ విజేత కన్నా తక్కువ టైములో పూర్తి చేశారన్న వార్త చాలా తిరిగింది. అది నిజం. ఒలింపిక్ ఫైనల్ అతి నెమ్మదిగా మొదలై చివరి ల్యాప్‌లో తేలిన ఎత్తుగడల రేసు అన్నదీ అంతే నిజం. మధ్య దూరపు ఫైనల్ టైమ్ ఆ రోజు ఎవరు ఎప్పుడు వేగం పెంచారన్న దాని మీద ఆధారపడుతుంది. ఒక్క రేసు చూసి ఎవరు గొప్ప అని తేల్చడం కుదరదు.

స్థాయిని చెప్పే మంచి ఉదాహరణ మార్లా రన్యన్. చట్టం లెక్కలో అంధురాలైన ఈ అమెరికన్ 1992 పారాలింపిక్స్‌లో స్ప్రింట్లు గెలిచింది. తర్వాత 1500కు మారి 2000 సిడ్నీ ఒలింపిక్స్ ఫైనల్లో ఎనిమిదో స్థానంలో నిలిచింది.

## ముందేం జరగవచ్చు

టీ54లో అమెరికా, స్విట్జర్లాండ్ మహిళల ఆధిక్యానికి కారణం వెతికితే రెండు ఊళ్ల పేర్లు వస్తాయి. ఒకటి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఉన్న అర్బానా-షాంపేన్, రెండోది స్విట్జర్లాండ్‌లోని నాట్‌విల్. ట్రాక్, కోచ్, కలిసి శిక్షణ పొందే తోటి రేసర్లు ఒకే చోట దొరికే కేంద్రాలివి. గాలిచాటున వెళ్లడం, గుంపులో చోటు కాపాడుకోవడం ఒంటరి సాధనతో వచ్చే విద్యలు కావు.

స్కూలు స్థాయిలో ఏం జరుగుతుందన్నది ఇంకా కీలకం. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో తతియానా మెక్‌ఫాడెన్ హైస్కూల్లో చదివేటప్పుడు మిగతా పిల్లలతో పాటు ట్రాక్ మీదికి రానివ్వకుండా, ఆమె ఒక్కదానికే విడిగా రేసు పెట్టేవారు. ఆమె కోర్టుకు వెళ్లింది. 2008లో ఆ రాష్ట్రం దివ్యాంగ విద్యార్థులకు క్రీడల్లో సమాన అవకాశం ఇచ్చే చట్టం చేసింది. 2016 రియోలో ఆమె 400, 800, 1500, 5000 నాలుగూ గెలిచింది.

టీ38, టీ46 మహిళల 1500కు పారాలింపిక్స్‌లో చోటు రావాలంటే ముందు ఖండాల స్థాయి పోటీల్లో, జాతీయ మీట్లలో ఆ రేసులు క్రమం తప్పకుండా జరగాలి. నలుగురే వచ్చినా రద్దు చేయకుండా టైములు నమోదు చేయాలి. ర్యాంకింగ్ పట్టికలో పేర్లు, దేశాలు పెరిగితేనే కమిటీ ముందు వాదించడానికి ఆధారం ఉంటుంది. టీ11 మహిళలకు రియోలో చోటు ఇచ్చినప్పుడు పారిస్ నాటి వేగం ఎవరి దగ్గరా లేదు. అదే వెసులుబాటు ఈ రెండు క్లాసులకూ ఇవ్వకపోవడానికి సంఖ్య తప్ప ఇంకో కారణం కనపడదు, ఆ సంఖ్యను పెంచగలిగే మొదటి చోటు జాతీయ సమాఖ్యల వార్షిక షెడ్యూలే.